పదిమందికి ఒకరు తక్కువ

తిరుమలకు కొలువు ఎట్లా వచ్చిందని ఎవరన్నా అడిగితే, "మా బాపు నడుము పెట్టి తెచ్చిండు" అని చెప్పేది. ఆమె తండ్రి ఎల్లేశం గోదావరిఖనిలో ఒక భూగర్భ గనిలో పనిచేసేవాడు. పైకప్పు నుంచి బొగ్గుపెళ్ళ విరిగిపడి నడుము పోయింది. ఇక పనికి రాడని మెడికల్ బోర్డు తేల్చాక, ఆ కొలువు ఒక్కగానొక్క బిడ్డయిన తిరుమలకు మారింది. అప్పటికే ఆమె ఇంటరు చదివి, పెళ్ళయి, ఇద్దరు పిల్లల తల్లి. భర్త సంపత్ చౌరస్తా నుంచి రామగుండం స్టేషను దాకా షేర్ ఆటో నడిపేవాడు. గని కొలువు ఆడపిల్లకు రావడం వాళ్ళ వాడలో కొత్త. "నీతోని అయితదా?" అని అడగనివాళ్ళు లేరు.

ఆమెను వేసింది బొగ్గు ప్లాంటులో. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని నుంచి డంపర్లు తెచ్చి పోసిన బొగ్గును అక్కడ పగలగొట్టి, పొడవాటి బెల్టుల మీద పంపి రైలు వ్యాగన్లలో నింపుతారు. బెల్టుల కింద జారిపడిన బొగ్గును పారలతో ఎత్తిపొయ్యడం, పొడి ఊడ్చడం ఆడవాళ్ళ పని. మూడువందల పైచిలుకు మగవాళ్ళున్న ప్లాంటులో వాళ్ళు పదకొండు మంది.

మొదటిరోజు ముక్కుకు చున్నీ చుట్టుకుని వచ్చిన తిరుమల అరగంటకే దగ్గుతో వంగిపోయింది. సారవ్వ అనే పెద్దామె పార కింద పెట్టి దగ్గరికి వచ్చింది. "గట్ల గాదు బిడ్డా, గిట్ల కట్టుకోవాలె" అని తన తలరుమాలు విప్పి, నీళ్ళతో తడిపి, ఆమె ముఖానికి బిగించి కట్టింది. సారవ్వ భర్త గనిలో చనిపోతే ఆ కొలువులోకి వచ్చిన మనిషి. అక్షరం ముక్క రాదు. మాట మాత్రం ఎవరికీ దాచదు.

తిరుమలకు మాట్లాడే నేర్పు ఉంది. గొంతు పెంచకుండా, వెనక్కి తగ్గకుండా అడుగుతుంది. ఏడాది తిరిగేసరికి, హాజరులో ఎవరిది తప్పు పడినా, ఎవరికి సెలవు కావాల్సి వచ్చినా "తిరుమలను తోలుదాం" అనడం ఆడవాళ్ళకు అలవాటైంది. ఆమెకూ అది ఇష్టంగానే ఉండేది.

ఒక్క పని మాత్రం ఆమెతో కాలేదు. ప్లాంటులో ఆడవాళ్ళ కోసమని ఒక గది కట్టారు. లోపల బాత్రూము, బట్టలు మార్చుకునే చోటు. ఏరియాకు పెద్దసారైన జీఎం వచ్చి రిబ్బను కోసి ఫొటో దిగాడు. నెల గడవకముందే అందులో బెల్టు రోలర్లు తెచ్చి పేర్చి, తాళం వేశారు. స్టోరులో జాగా లేదట. అవసరమైతే ఆడవాళ్ళు పట్టాలు దాటి క్యాంటీను దిక్కు పోవాలి. పట్టాల మీద వ్యాగన్లు నిలబడి ఉంటే చుట్టూ తిరిగి పోవాలి, లేదంటే వాటి కిందినుంచి దూరిపోవాలి. ఆగి ఉన్న బండి ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. అందుకని షిఫ్టు ఎక్కింది మొదలు దిగేదాకా నీళ్ళు తాగడమే మానేశారు. ఐలవ్వ అనే ఆమెకు మూత్రంలో మంట మొదలై, అది కిడ్నీ దాకా పోయి, దవాఖానలో పడాల్సి వచ్చింది. తిరుమల ఎన్నిసార్లు అడిగినా ఇంజనీరు "చూద్దాం, చూద్దాం" అనేవాడు.

అట్లాంటప్పుడు ప్లాంటుకు ప్రసూన వచ్చింది.

ప్రసూన కార్మికుల వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఆఫీసరు. ముప్పై నిండలేదు. వాళ్ళ నాన్న సుబ్రహ్మణ్యం కోస్తా నుంచి ఇంజనీరుగా వచ్చి రామగుండంలో స్థిరపడ్డాడు. ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే అయినా మాట మాత్రం ఇంట్లో మాటే. బెల్టు కిందికి, ఆ పొడిలోకి దిగి వచ్చి, పేరుపేరునా పలకరించిన మొదటి ఆఫీసరు ఆమెనే.

"కంపెనీ ఒక సర్వే చేయిస్తోందండి. ఉద్యోగులు ఇక్కడ ఎంత మనసుపెట్టి పనిచేస్తున్నారు, వాళ్ళకేం బాగుంది, ఏం బాగాలేదు అని. పేరు రాయక్కర్లేదు. ఫోన్లో నొక్కడమే. మీ సెక్షన్లో అందరికీ చెప్పి చేయించడానికి ఒకరు కావాలి. అందరూ మీ పేరే చెప్పారు" అంది.

తిరుమలను సర్వే మిత్ర అన్నారు. మిగతా సెక్షన్ల నుంచి వచ్చిన మగవాళ్ళతోపాటు ఆఫీసు హాల్లో కూర్చోబెట్టి ప్రసూన అంతా వివరించింది. ముప్పై రెండు ప్రశ్నలు. ఒక్కోదానికి ఐదు జవాబులు. అస్సలు ఒప్పుకోను అంటే ఒకటి, పూర్తిగా ఒప్పుకుంటా అంటే ఐదు.

"లెక్క ఎట్ల కడ్తరు మేడం?" అని తిరుమల అడిగింది.

ప్రసూన బోర్డు మీద రాసి చూపించింది. "క్యాంటీను చాయ్ బాగుందా అని పదిమందిని అడిగాం అనుకోండి. నలుగురు ఐదు నొక్కారు, ఇద్దరు నాలుగు నొక్కారు. ముగ్గురు మూడు, ఒకరు ఒకటి. నాలుగూ ఐదూ నొక్కినవాళ్ళనే బాగుంది అన్నట్టు తీసుకుంటాం. పదిమందిలో ఆరుగురు. అంటే చాయ్‌కి అరవై. ఇట్లా ప్రతి ప్రశ్నకూ ఒక అంకె వస్తుంది. అన్నింటి సగటే సెక్షన్ స్కోరు."

"మరి మూడు నొక్కినోళ్ళు ఎటు పోయిన్రు?"

"వాళ్ళు బాగుంది అనలేదు కాబట్టి ఆ లెక్కలోకి రారు. బాగాలేదు అనీ అనలేదు. మధ్యలో ఉండిపోతారు."

అందరూ వెళ్ళిపోయాక తిరుమల ఆగింది. మూడువందల మందిలో తాము పదకొండు మంది ఏం నొక్కితే ఏం కనబడుతుందని ఆమె అనుమానం. ప్రసూన కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అందుకే ఆడవాళ్ళది విడిగా ఒక వరస పెట్టమని నేనే అడిగాను. కాకపోతే ఒక రూలుంది. పదిమంది కంటే తక్కువున్న గుంపును విడిగా చూపించకూడదు. ఎవరేం చెప్పారో పోల్చుకోగలరు కదా. మీరు పదకొండు మంది. సరిపోతుంది. నలభై కంటే తక్కువ వస్తే ఆ గడి ఎర్రగా అవుతుంది. జీఎం గారి ముందు ఆ ఎరుపు కనపడితే ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి." గొంతు తగ్గించి అంది. "నా మొదటి పోస్టింగు గని మీద, తిరుమల గారూ. అక్కడ ఆడవాళ్ళకు బాత్రూము లేదు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరితే సాయంత్రం దాకా అంతే. నాకు తెలుసు."

ఆ చివరి మాటతో తిరుమల కరిగిపోయింది. ఆ వారంలోనే ప్రసూన, తిరుమల వాళ్ళ క్వార్టరుకు వచ్చింది. తిరుమల సర్వపిండి కాల్చి పెడితే రెండు తిని, మూడోది కాగితంలో కట్టుకుని పోయింది. పోయేటప్పుడు "వస్తానక్కా" అంది. ఆఫీసరు తనను అక్కా అన్నదని తిరుమల రెండు రోజులు సంపత్‌కు చెబుతూనే ఉంది. సంపత్ నవ్వి, "నీకు దోస్తు దొరికిందిగ, ఇంకేం ఫికర్" అన్నాడు.

ఆడవాళ్ళను ఒప్పించడం మాత్రం కష్టమే అయింది. భయం ఒకటి, నమ్మకం లేకపోవడం ఒకటి. రాజకుమారి అనే ఆమె మొహం మీదే అడిగింది. "ఫోన్ల నొక్కితే మా నంబరు వాళ్ళకు తెల్వదా? రేపు నన్ను పట్టుకపోయి ఇంకో గనిమీద ఏస్తే నీ మేడం వస్తదా?"

"పేరు ఏడ రాదక్కా. నేను అడిగిన. పదిమందికి తక్కువుంటే చూపియ్యరట, మనం పదకొండు మందిమి. మన వరస మనకే ఉంటది. భయపడి నడుమల మూడు నొక్కకున్రి. మూడు నొక్కితే ఏ లెక్కల రాదు. బాగుంటే బాగుంది, లేకుంటే లేదు. గంతే."

"నువ్వు జమానతా? రేపేమన్నయితే పూచీ నీదేనా?" అని రాజకుమారి అడిగింది.

"నేనే జమానతు" అంది తిరుమల.

సారవ్వ వంతు వచ్చినప్పుడు తిరుమల ఒక్కో ప్రశ్న చదివి వినిపించింది. సారవ్వ పార కర్ర మీద గడ్డం ఆనించి ప్రతిదీ వింది. 'పనికి కావలసిన సౌకర్యాలు నాకు ఉన్నాయి.' ఒకటి నొక్కు. 'నా పై అధికారి నా మాట వింటారు.' ఒకటి. 'నా అభిప్రాయానికి ఇక్కడ విలువ ఉంది.' ఒకటి. 'పనిచేసే చోట నాకు మంచి స్నేహితులు ఉన్నారు' అనేసరికి తిరుమల ఆగింది.

"దీనికన్న ఐదు నొక్కుతనే సారవ్వా. మేమంత లేమా?"

సారవ్వ ఆలోచించింది. "మీరున్నరు. మిమ్మల్ని కంపెనీ ఇచ్చిందా? కలిసి బొగ్గెత్తుకుంట మనమే అయినం. దానికి మార్కులు వాళ్ళకెందుకు ఎయ్యాలె? ఒకటే నొక్కు."

తిరుమల ఒకటి నొక్కింది. రాజకుమారి కూడా తన ఫోన్లో మొదటినుంచి చివరిదాకా ఒకటే నొక్కింది.

ఇక మిగిలింది ఐలవ్వ. దవాఖాన నుంచి వచ్చి మందమర్రిలో బిడ్డ దగ్గర ఉంటోంది. ఆమె నొక్కకపోయినా పదిమంది అవుతారు. అయినా తిరుమల తన వారపు సెలవునాడు బస్సెక్కి మందమర్రి పోయింది. అందరికంటే ఎక్కువ బాధపడ్డది ఆమెనే, ఆమె మాట లేకపోతే ఎట్లా అని. మంచంలో ఒరిగి ఉన్న ఐలవ్వ ప్రశ్నలన్నీ ఓపిగ్గా వింది. కొన్నింటికి నాలుగు చెప్పింది, జీతం టయానికి వస్తుందని ఐదు చెప్పింది. సౌకర్యాల ప్రశ్నకు మాత్రం ఒకటి చెప్పి, తిరుమల చెయ్యి పట్టుకుంది.

"ఇంట్లకెల్లి నొక్కినా లెక్కకొస్తద బిడ్డా?"

"వస్తదవ్వా. నువ్వు నొక్కింది పెద్దసారు టేబులు మీదికి పోతది."

రెండు నెలల తర్వాత ఫలితాల సభ పెట్టారు. క్లబ్బు హాలు, పూలదండలు, లడ్డూ పాకెట్లు. పదిమంది ఆడవాళ్ళను షిఫ్టు మధ్యలో పని వదిలి రమ్మన్నారు. ఐలవ్వ ఇంకా డ్యూటీ ఎక్కలేదు. బొగ్గుపొడి బట్టలతోనే వెనక వరసలో కూర్చున్నారు. తెర మీద పెద్ద అంకె వచ్చింది. ఎనభై నాలుగు. ఏరియా మొత్తంలో బొగ్గు ప్లాంటుదే మొదటి స్థానం. చప్పట్లు మోగాయి. తర్వాత విడివిడిగా చూపించారు. ఆపరేటర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, జనరల్ కార్మికులు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, మూడో షిఫ్టు. పనిచేసే చోట సౌకర్యాలు ఎనభై ఎనిమిది. అన్నీ పచ్చగా ఉన్నాయి.

తిరుమల ఒక్కో తెర మారుతుంటే ఆడవాళ్ళ వరస కోసం చూసింది. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంది. రాలేదు. ధన్యవాదాలు అని వచ్చి తెర ఆగిపోయింది.

అంతలో మైకులో తన పేరు వినబడింది. ఉత్తమ సర్వే మిత్ర. ఆడవాళ్ళందరిచేతా నూటికి నూరుశాతం సర్వే చేయించినందుకు. ఎవరో చెయ్యిపట్టి స్టేజీ మీదికి తీసుకుపోయారు. జీఎం సారు శాలువా కప్పాడు. పక్కనే ప్రసూన చప్పట్లు కొడుతూ నిలబడింది. ఫొటో తీసేటప్పుడు తిరుమల ఆమె మొహం వైపు చూసింది. ప్రసూన కెమెరా వైపు చూసింది.

కిందికి దిగేసరికి వెనక వరస ఖాళీ అయింది. బస్సు దగ్గర రాజకుమారి ఒక్కతే నిలబడి ఉంది.

"మన వరస ఏది తిరుమలా?"

"తెల్వదక్కా. అడుగుత."

"శాలువ బాగుంది" అని రాజకుమారి బస్సెక్కింది.

మర్నాడు షిఫ్టు దిగుతూనే తిరుమల స్నానం కూడా చేయకుండా పర్సనల్ ఆఫీసుకు పోయింది. ప్రసూన లేచి కుర్చీ చూపించింది. తిరుమల నిలబడే అడిగింది.

"మా ఆడోళ్ళ వరస ఏడ పోయింది మేడం?"

"కూర్చో అక్కా."

"చెప్పున్రి."

ప్రసూన తలుపు దగ్గరికి వేసి వచ్చింది. "లెక్క కట్టేముందు జవాబులు ఒకసారి వడగడతాం. కొంతమంది ప్రశ్న చదవకుండానే అన్నింటికీ ఒకే అంకె నొక్కుతూ పోతారు. అట్లాంటివి తీసేయాలని రూలు. మీ వాళ్ళల్లో ఇద్దరు ముప్పై రెండింటికీ ఒకటే నొక్కారు. ఆ రెండూ పోయాయి. తొమ్మిది మిగిలాయి. పదికంటే తక్కువ కదా. అందుకని మీ తొమ్మిదినీ జనరల్ కార్మికులలో కలిపేశాను."

తిరుమలకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సారవ్వ పార కర్ర మీద గడ్డం ఆనించుకుని నిలబడ్డ తీరు కళ్ళముందుకు వచ్చింది.

"చదవకుండ నొక్కలేదు మేడం. ఒక్కొక్కటి నేను చదివి చెప్పిన. ఆమె ఆలోచించి చెప్పింది."

"అది లెక్కలో ఎట్లా తెలుస్తుంది అక్కా?"

"లెక్కకు తెల్వదు. నీకు తెలుసుగదా. అప్పుడే ఫోను చేసి చెప్పిన నీకు, సారవ్వ ఏమన్నదో. నవ్వినవ్."

తిరుమల బయటికి పోబోయి ఆగింది. తాను ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో తర్వాత ఆమెకే తెలియలేదు. ఏదో ఒక మూల, ఈ మనిషి తప్పు చేయలేదని వినాలని ఉండిందేమో.

"అన్నింటికి ఐదు నొక్కినోళ్ళు ఎవ్వరు లేరా? వాళ్ళవి గూడ తీసేసిన్రా?"

ప్రసూన టేబులు మీది పెన్ను అటూ ఇటూ జరిపింది. "లేదు."

"ఎంతమంది?"

"నూరు మందికి పైనే. సూపర్‌వైజర్లు దగ్గర నిలబడి నొక్కించారు. అవి కూడా తీసేస్తే సర్వేలో పాల్గొన్నవాళ్ళ శాతం పడిపోతుంది. అప్పుడు మొత్తం ప్లాంటు సర్వేనే చెల్లదు. ప్లాంటుకు పెద్ద ఏజెంటు గారే కదా, ఆయన పిలిచి ఎట్లాగైనా సర్దమన్నారు. నా ప్రొబేషన్ ఇంకా పూర్తవలేదు. నేను అబద్ధం అంకె ఒక్కటి కూడా వేయలేదు అక్కా. ఉన్నవాటిలో ఏవి ఉంచాలి, ఏవి తీయాలి అన్నదే..."

"ఏవి ఉంచాలె, ఏవి తియ్యాలె అని ఎవలు ఏరిన్రు? హెడ్డాఫీసోళ్ళా?"

"నేనే" అంది ప్రసూన. తర్వాత గబగబా, "ఒకరకంగా మీకూ మంచిదే. మీ వరస ఎర్రగా పడితే ఏజెంటు గారు మీ అందరి మీదా కక్ష కట్టేవారు. వచ్చే ఏడాది తప్పకుండా..." అంది.

"మమ్ముల దాచిపెట్టుమని నిన్ను అడిగినమా?"

ఆ మాట అన్నాక తిరుమలకు ఏడుపొచ్చింది. ఆఫీసులో ఏడవకూడదని మెట్లు దిగేదాకా ఓర్చుకుంది.

ఆడవాళ్ళకు ఆమె ఆ రోజు చెప్పలేదు, మరునాడూ చెప్పలేదు. అడగకుండా ఉంటే బాగుండు అనుకుంది. వాళ్ళు నిజంగానే అడగలేదు. అదే ఇంకా భారమైంది. సద్ది తినేటప్పుడు అందరి గిన్నెలూ మధ్యలో పెట్టి పంచుకోవడం వాళ్ళ అలవాటు. ఇప్పుడు ఎవరి గిన్నె వాళ్ళ ఒళ్ళోనే ఉంటోంది. కంపెనీ కరపత్రంలో శాలువాతో ఆమె ఫొటో పడింది. కింద 'మన గని మన గర్వం అంటున్న తిరుమల' అని రాశారు. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు.

చివరికి, కనీసం ఆ గది సంగతన్నా తేల్చుకుంటే వాళ్ళ ముందు తలెత్తుకోవచ్చని, ఒక్కతే ఏజెంటు సారు దగ్గరికి పోయింది. ప్లాంటు మీదా గని మీదా పెద్ద ఆయనే. ఆయన మర్యాదగానే కూర్చోమన్నాడు.

"ఏందమ్మా సమస్య?"

ఆమె చెప్పింది. రోలర్లు, తాళం, పట్టాలు, ఐలవ్వ కిడ్నీ. ఆయన అంతా విని, వెనక గోడకు తగిలించిన ఫ్రేము వైపు చూపించాడు. ప్లాంటుకు వచ్చిన సర్టిఫికెట్ అది.

"సౌకర్యాలకు ఎనభై ఎనిమిది వచ్చింది. నేను వేసిందా? మీరంతా వేసిందే. ఆడవాళ్ళు నూటికి నూరుశాతం పాల్గొన్నరు. దగ్గరుండి చేయించింది నువ్వే. ఇప్పుడు వచ్చి బాగాలేదంటే నేనేది నమ్మాలె?"

తిరుమల లేచి బయటికి వచ్చింది. అంతకుముందు గది గురించి అడిగితే చూద్దాం అనేవాళ్ళు. ఆ చూద్దాంలో ఎక్కడో కొంచెం సిగ్గు ఉండేది. ఇప్పుడు అదీ లేదు. ఆ సిగ్గు పోగొట్టే అంకెను తానే ఒక్కొక్కరి దగ్గరికీ తిరిగి పోగుచేసి ఇచ్చినట్టు అనిపించింది ఆమెకు.

ఆ మధ్యాహ్నం సద్ది తినేచోట అందరిముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. రెండు తీసేసిన సంగతి, తొమ్మిది అయిన సంగతి, నూరు ఐదులు ఉంచిన సంగతి. ఐలవ్వ అప్పటికి డ్యూటీకి వస్తోంది. ఆమె తల దించుకుని వింది. అందరికంటే చిన్నదైన యమున, "మరి మేం నొక్కినయ్?" అని మెల్లగా అడిగింది.

సారవ్వ అన్నం ముద్ద గిన్నెలోనే వదిలేసింది.

"నాకు చదువు రాదని పడేసిన్రా?"

"కాదు సారవ్వా. అన్నిట్ల ఒకటే ఉన్నందుకు..."

"చదవకుండ నొక్కిందన్నరు. అంతేగదా? నేను ఒక్కొక్కటి ఇన్న బిడ్డా. ఇని చెప్పిన. నువ్వు సూసినవ్."

"సూసిన" అంది తిరుమల.

రాజకుమారి లేచింది. ఆమె కోపం ప్రసూన మీద కాదు. ఆఫీసరు ఆఫీసరులాగే చేస్తుందని ఆమెకు ముందునుంచీ తెలుసు. "జమానతు అన్నవ్ నువ్వు" అంది తిరుమలతో. "నీ మాట మీద నొక్కిన నేను. ఆమెను జూసి గాదు."

సారవ్వ చెయ్యి కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. "నడువున్రి" అంది. "ఫోన్ల చెప్తే తీసేస్తరు. నోటితోని చెప్తే ఎట్ల తీసేస్తరో సూద్దాం."

ఏడుగురు బయలుదేరారు. మిగతా నలుగురు భయపడి ఆగిపోయారు. తిరుమల అందరికంటే వెనక నడిచింది. ఏజెంటు సారు గదిలో ఎవరూ గొంతు పెంచలేదు. ఒక్కొక్కరు తన పేరు, తన నంబరు చెప్పి, తనకేం జరుగుతుందో చెప్పారు. ఐలవ్వ మందుల సంచీ టేబులు మీద పెట్టింది. రాజకుమారి వ్యాగన్ల కిందినుంచి దూరేటప్పుడు బండి కదిలి చెప్పు ఇరుక్కున్న సంగతి చెప్పింది. ఏజెంటు సారు మొదట గోడవైపు చూశాడు, తర్వాత ఫోను వైపు చూశాడు. ఆఖరికి ఇంజనీరును పిలిపించి రోలర్లు తీయించమన్నాడు.

తీయించడానికి రెండు నెలలు పట్టింది. అదీ సగమే తీశారు. సగం గదికి రేకు అడ్డం కొట్టి, ఇటు భాగం ఆడవాళ్ళకు ఇచ్చారు. తలుపుకు లోపలి గడియ ఉంది. నల్లాలో నీళ్ళు కొన్నిరోజులు వస్తాయి, కొన్నిరోజులు రావు. రానినాడు బకెట్లతో మోసుకుంటారు. అయినా పట్టాలు దాటే పని తప్పింది. గది తెరిచిననాడు రాజకుమారి అందరికీ మిర్చి బజ్జీలు తెచ్చింది. తిరుమలకూ ఒకటి ఇచ్చింది. మాట్లాడలేదు.

కాలం గడిచేకొద్దీ వాళ్ళ మధ్య మాటలు తిరిగి కలిశాయి. సద్ది గిన్నెలు మళ్ళీ మధ్యలోకి వచ్చాయి. కాని హాజరులో తప్పు పడితే "తిరుమలను తోలుదాం" అని ఎవరూ అనడం లేదు. ఎవరికి వాళ్ళే పోయి అడుగుతున్నారు. అది మంచిదే అని సంపత్ అన్నాడు. తిరుమల అవునంది. ఆ రాత్రి ఆమె అన్నం సరిగా తినలేదు.

ప్రసూన ప్రొబేషన్ పూర్తయి, హెడ్డాఫీసులో సర్వే విభాగానికే బదిలీ అయింది. వెళ్ళేముందు ప్లాంటుకు వచ్చింది. ఆడవాళ్ళందరికీ స్వీటు పెట్టింది. సారవ్వ తీసుకోలేదు. షుగరుందని చెప్పింది. ఆమెకు షుగరు లేదు. చివరికి ప్రసూన బెల్టు చివర నిలబడి ఉన్న తిరుమల దగ్గరికి వచ్చింది.

"కోపం పోలేదా అక్కా?"

"కోపం ఎందుకుంటది మేడం."

"మేడం అంటున్నావు."

తిరుమల ముఖానికి కట్టిన రుమాలు తీయలేదు. బెల్టు చప్పుడులో గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. "నువ్వు మొదటి పోస్టింగు సంగతి చెప్పినవ్ సూడు. పొద్దున పోతే సాయంత్రం దాక అని. అది చెప్పకుంటే నేను నిన్ను నమ్మకపోదును. అందరసొంటి ఆఫీసరే అనుకుందును. అది నిజమేనా, లేకుంటే నాతోని పని చేపిచ్చుకునేటందుకు చెప్పినవా?"

"నిజమే అక్కా. ఒట్టు."

"అబద్ధమైతేనే మంచిగుండు" అంది తిరుమల. పార తీసుకుని బెల్టు కిందికి వంగింది. ప్రసూన కొంచెంసేపు నిలబడి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఏడాది సర్వే వచ్చింది. కొత్త ఆఫీసరు, మీసాలు సరిగా రాని కుర్రాడు, పాత కాగితాల్లో ఉత్తమ సర్వే మిత్ర అని చూసి తిరుమలను వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె చేయనంది. కారణం అడిగితే ఇంట్లో వీలుపడదంది. అతను ఇంకెవరినో చూసుకున్నాడు. ఈసారి ఆడవాళ్ళది విడి వరస ఉంటుందా అని ఆమె అడగలేదు.

గడువు దగ్గరపడ్డాక ఒకరోజు షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడి ఉంటే యమున పక్కకు వచ్చి ఫోను తీసింది. తెర మీద మొదటి ప్రశ్న ఉంది. కింద ఐదు గుండ్రాలు.

"అక్కా, నొక్కాల్నా, వద్దా? నొక్కితే ఏది నొక్కాలె?"

పోయినేడు ఇదే పిల్లకు తాను అరగంట కూర్చోబెట్టి చెప్పింది. భయపడకు, నడుమల నొక్కకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు అని. ఆ మాటలు తప్పని ఆమెకు ఇప్పటికీ అనిపించలేదు. కాని నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. యమున ఆమె మొహంలోకి చూస్తూ ఎదురుచూసింది.

"నీ ఇష్టం బిడ్డా" అంది తిరుమల. "నన్నడగకు."

బస్సు వచ్చింది. యమున ఫోను జేబులో పెట్టుకుని ముందు ఎక్కి, కిటికీ పక్క సీటు ఆమె కోసం ఆపింది.